కాలిపోయినా ఏడవనంత చౌక బోర్డు ఇప్పించండి: ఐటీ శాఖకు, విద్యాశాఖకు నల్లగొండ నుంచి బహిరంగ లేఖ

రాష్ట్ర ఐటీ శాఖ, విద్యాశాఖ పెద్దలకు, టీ-వర్క్స్ (కొత్త వస్తువుల నమూనాలు చేసుకునే ప్రభుత్వ కేంద్రం) నడిపేవాళ్లకు నమస్కారం.

నేను నల్లగొండలో మోటార్ స్టార్టర్లు, ప్యానెల్ బోర్డులు రిపేరు చేసుకుని బతికేవాడిని. ఆదివారం షట్టర్ సగం దించి, వచ్చిన పిల్లలతో మైక్రోకంట్రోలర్ బోర్డులు ముందేసుకుని కూర్చోవడం నాకున్న ఒకే ఒక్క పిచ్చి. వచ్చేవాళ్లలో పాలిటెక్నిక్ వాళ్లున్నారు, ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడ్ వాళ్లున్నారు, ఇంటర్ ఎంపీసీ చదువుతూ ఇంట్లో చెప్పకుండా వచ్చేవాళ్లూ ఉన్నారు. నేను అడగదల్చుకున్నది ముందే చెప్పేస్తా, ఆ తర్వాత చదివే ఓపిక ఉంటే చదవండి. జిల్లా కేంద్రంలో మామూలు ఎలక్ట్రికల్ షాపులో, పన్నుతో కలిపి 150 రూపాయలకి దొరికే, ఫోన్‌తోనే ప్రోగ్రాం రాసి ఎక్కించుకోగలిగే, వెంట తెలుగులో పుస్తకం ఉండే ఒక బోర్డు కావాలి. కిట్ వద్దు. రోబో కారు వద్దు. డబ్బా మీద రాకెట్ బొమ్మ అసలే వద్దు. ఒట్టి బోర్డు చాలు.

మైక్రోకంట్రోలర్ అంటే ఏంటో మీలో ఇంజనీరింగ్ చదివినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు, కానీ ఫైలు మీద సంతకం పెట్టేది వేరే ఎవరో అయి ఉంటారు కాబట్టి రెండు ముక్కలు. వాషింగ్ మెషిన్‌లో, ఇన్వర్టర్‌లో, ఆటో మీటర్‌లో లోపల ఒక చిన్న నల్ల చిప్పు ఉంటుంది. ప్రాసెసర్, మెమరీ, బయటి వైర్లు కలుపుకునే పిన్నులు అన్నీ అందులోనే. దాన్ని ఒక ప్లేటు మీద పెట్టి, యూఎస్‌బీ సాకెట్ తగిలించి, కరెంటు సరిచేసే నాలుగు భాగాలు పక్కన వేస్తే బోర్డు అయింది. 2005లో ఇటలీలోని ఇవ్రియా అనే ఊళ్లో డిజైన్ చదివే విద్యార్థుల కోసం ఆర్డునో అనే బోర్డు మొదలుపెట్టినవాళ్లు ఒక మంచి పని చేశారు, బోర్డు డిజైన్‌ని అందరికీ వదిలేసి పేరు మాత్రం తమ దగ్గర ఉంచుకున్నారు. అంటే ఆ బోర్డు ఎవరైనా చేసి అమ్ముకోవచ్చు, ఆర్డునో అనే ముద్ర మాత్రం వేయకూడదు. 2010లో వచ్చిన ఉనో అనే ఆర్డునో బోర్డు లోపలి చిప్పుకి ఉన్నది ప్రోగ్రాం దాచుకునే 32 కిలోబైట్ల ఫ్లాష్ మెమరీ, 2 కిలోబైట్ల ర్యామ్, 16 మెగాహెర్ట్జ్ వేగం. పొద్దున్నే మీ వాట్సాప్‌కి వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటో కూడా అందులో పట్టదు. అయినా బోరు మోటారు కాపలాకి అది చాలు, ఇంకా మిగులుతుంది కూడా.

ఇప్పుడు ధరలు. ఒరిజినల్ ఉనో రెండు వేల పైమాటే. దాని నకలు (డిజైన్ వాళ్లే బయటపెట్టారు కాబట్టి ఇది దొంగ సరుకేమీ కాదు) మూడొందలకీ ఐదొందలకీ మధ్య ఆడుతుంటుంది. 2021 జనవరిలో రాస్ప్‌బెర్రీ పై వాళ్లు పికో అనే బోర్డుని 4 డాలర్లకి పెట్టారు, రెండు కోర్లు, 133 మెగాహెర్ట్జ్, 264 కిలోబైట్ల ర్యామ్, లెక్కల్లో చూస్తే ఉనో దాని పక్కన నిలబడలేదు. కానీ పన్నూ కొరియరూ కలిసి మా ఇంటి గడప దాటేసరికి అది నాలుగొందల పైచిలుకు అవుతుంది. వైఫై ఉన్న ఈఎస్‌పీ32 బోర్డు కూడా అటూ ఇటూగా అంతే. ఒట్టి చిప్పు ధర మాత్రం ఎక్కడికో పడిపోయింది. చైనాకి చెందిన డబ్ల్యూసీహెచ్ కంపెనీ 2022లో తెచ్చిన సీహెచ్32వీ003కి పది సెంట్ల చిప్పు అనే పేరు పడింది, అంటే మన డబ్బులో పది రూపాయల లోపు. రిస్క్-ఫైవ్ అనే అందరికీ తెరిచి ఉంచిన డిజైన్‌తో చేసిన కోర్, 48 మెగాహెర్ట్జ్, 16 కిలోబైట్ల ఫ్లాష్. దానికి నేరుగా యూఎస్‌బీ రాదు, పక్కన ఇంకో చిన్న చిప్పు వేయాలి, అదీ పెద్ద ఖర్చేమీ కాదు. ఇదే చిప్పు వాడండి అని నేను చెప్పట్లేదు. పెద్ద మొత్తంలో కొని చేస్తే 150 రూపాయల్లో తయారీ ఖర్చు, పన్ను, షాపతని లాభం అన్నీ పట్టే కాలం వచ్చేసిందని నా అంచనా. కాదంటే మీ ఇంజనీర్లతో లెక్క వేయించి చూపించండి, చూసి నేర్చుకుంటా.

దొరకడం ఇంకో కథ. హైదరాబాద్‌లో ఉన్నవాడికి కోఠి గుజరాతీ గల్లీ ఉంది, సాయంత్రం అలా వెళ్లి రెసిస్టరు నుంచి డిస్‌ప్లే దాకా కొనుక్కుని ఇరానీ చాయ్ తాగి ఇంటికి పోతాడు. మాకు రానూపోనూ బస్సు ఛార్జీ బోర్డు ధరని మించిపోతుంది. (మహాలక్ష్మి పథకం వచ్చాక మా బ్యాచ్‌లో కోఠి సామాను తెచ్చే డ్యూటీ ఆడపిల్లలకి పడింది, ఉచిత బస్సు వల్ల ఎలక్ట్రానిక్స్‌కి జరిగిన ఈ మేలు ఎవరి లెక్కల్లోనూ ఉండి ఉండదు.) మహబూబ్‌నగర్ నుంచి, వనపర్తి నుంచి, అచ్చంపేట నుంచి రావాల్సినవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఆన్‌లైన్‌లో కొందామంటే వంద రూపాయల వస్తువుకి డెబ్బై ఎనభై డెలివరీ ఛార్జీ, అది తప్పించుకోవాలంటే ఐదొందల ఆర్డర్ పెట్టాలంటాడు, అందుకే నలుగురు కలిసి డబ్బులు పోగుచేసుకునేదాకా ఆగాలి, ఈలోపు చెయ్యాలనుకున్న పని మీద పిల్లాడికి ఉన్న ఉత్సాహం చల్లారిపోతుంది. ఒకప్పుడు అలీఎక్స్‌ప్రెస్‌లో పెట్టి నెలా రెండు నెలలు ఎదురుచూసేవాళ్లం. 2019 డిసెంబరులో గిఫ్టు పేరుతో విదేశాల నుంచి సామాను తెప్పించుకోవడం ఆపేశారు, 2020 నవంబరులో ఆ యాప్‌నే నిషేధించారు. దేశం కోసం తీసుకున్న నిర్ణయం మీద నాకు పేచీ లేదు. అయితే బయటి నుంచి రావడం ఆగినంత తొందరగా లోపల తయారవడం మొదలు కాలేదు, ఆ మధ్యలో ఇరుక్కున్నది మా లాంటి అభిరుచిగాళ్లు.

ఇంతకీ అంత చౌక ఎందుకు, మూడొందలు పెట్టి ఒకటి కొనుక్కుని జాగ్రత్తగా వాడుకోవచ్చు కదా అని ఒక పెద్దమనిషి నన్ను అడిగాడు. పాఠం నేర్చుకోవడానికి ఒకటి చాలు, నిజమే. కానీ పిల్లాడు ఏదైనా చేశాడనుకోండి, ఇంటి మీద ట్యాంకు నిండగానే మోటారు ఆపే డబ్బా ఒకటి చేశాడు. అది పనిచేస్తే ఏమవుతుంది? బోర్డు ఆ డబ్బాలోనే ఉండిపోతుంది. ఇంకో ఆలోచన వస్తే ఇంకో బోర్డు కావాలి. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది చేసేదేంటంటే, పనిచేస్తున్న దాన్ని విప్పేసి, అదే బోర్డుతో రెండోది మొదలుపెడతారు. అమ్మ అడుగుతుంది, ట్యాంకు డబ్బా ఏమైందిరా అని. వాడేం చెప్తాడు? ఒక్క వస్తువు కూడా ఇంట్లో వాడకంలో నిలబడదు, నెల తిరిగేసరికి చేసింది ఏమీ ఉండదు, ఇంట్లోవాళ్లు కూడా ఇదంతా టైంపాస్ అనుకుంటారు. 150 రూపాయలైతే డబ్బా అక్కడే ఉంటుంది, వాడు ఇంకో బోర్డు కొనుక్కుంటాడు. నా మాట మొత్తం దీని చుట్టూనే, పని నేర్పే బోర్డు వేరు, పనిలో వదిలేయగలిగే బోర్డు వేరు, ఇప్పుడు మాకు మొదటిదే కష్టంగా దొరుకుతోంది, రెండోది లేనే లేదు.

ఇక కాలిపోవడం. ఇందులో కాల్చకుండా నేర్చుకున్నవాణ్ణి నేను చూడలేదు. ఉనో పిన్ను నుంచి 20 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటే మంచిది, 40 దాటితే ప్రమాదం. ఐదు వోల్టుల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని వేసి ఆపే స్విచ్చు) కాయిల్ ఒక్కటే 70 దాకా లాగుతుంది. మధ్యలో ఆ బరువు మోసే ట్రాన్సిస్టర్ పెట్టకుండా రిలేని నేరుగా తగిలిస్తే పిన్ను పోతుంది, ట్రాన్సిస్టర్ పెట్టినా కాయిల్‌కి అడ్డంగా డయోడ్ (కరెంటుని ఒక వైపే పోనిచ్చే భాగం) పెట్టకపోతే రిలే ఆగినప్పుడు వెనక్కి తన్నే వోల్టేజీ ట్రాన్సిస్టర్‌ని పట్టుకుపోతుంది. పికో అయితే 3.3 వోల్టుల మనిషి, దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్ ఐదు వోల్టుల జవాబు పంపిస్తుంటే తిన్నగా పిన్నుకి పెట్టేస్తారు, ఒక రోజు పనిచేస్తుంది, రెండో రోజు ఎందుకో పనిచెయ్యదు. ఇవన్నీ నేను నోటితో వందసార్లు చెప్పొచ్చు, చెప్తూనే ఉంటా, పిల్లాడి బుర్రకి ఎక్కేది మాత్రం కమురు వాసన వచ్చినప్పుడే. ఆ వాసన ఖరీదు నాలుగొందలైతే వాడు ఆ పూట నుంచి ప్రయోగం మానేసి, ఎవరో చేసినదాన్ని చూసి అచ్చు అలాగే తీగలు కలుపుతాడు, ఒక్క తీగ కూడా అటూ ఇటూ మార్చడు. భయంతో కూర్చుంటే ఎలక్ట్రానిక్స్ రాదు సార్.

స్కూళ్ల సంగతికొస్తా. అటల్ టింకరింగ్ ల్యాబులు 2016లో వచ్చిన పథకం, ఎంపికైన ఒక్కో స్కూలుకి 20 లక్షల దాకా, ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లలకి. దేశం మొత్తం మీద పది వేల ల్యాబులు పెట్టారు, 2025 బడ్జెట్‌లో ఇంకో 50 వేలు ప్రభుత్వ స్కూళ్లలో ఐదేళ్లలో పెడతామన్నారు. సంతోషం, ఇంకా పెట్టండి. అయితే మా వైపు ఒక స్కూల్లో (పేరు చెప్పను, అక్కడి సార్లు మంచివాళ్లు) ల్యాబ్ అల్మారాలో ఆర్డునోలు కవర్లు కూడా విప్పకుండా కూర్చున్నాయి. ఎందుకంటే అవి స్టాక్ రిజిస్టర్‌లో పరికరాల కింద ఎక్కాయి. ఒక్కటి పోయినా, కాలినా, ఆడిట్‌లో సంజాయిషీ చెప్పుకోవాల్సింది సైన్స్ సార్. ఆయన రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్నాడు, పిల్లల కోసం ఆ టెన్షన్ ఆయన ఎందుకు పెట్టుకోవాలి? తాళం వేసి, అధికారులు వచ్చినప్పుడు తీసి చూపిస్తాడు. ఆయన చోట నేనున్నా అదే చేసేవాణ్ణి.

దీనికి మందు ఒక్క ఉత్తర్వు. 250 రూపాయల లోపు బోర్డులు, సెన్సర్లు అన్నీ వాడితే ఖర్చయిపోయే సామాను కింద రాయాలని విద్యాశాఖ ఒక సర్క్యులర్ ఇస్తే చాలు. కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఆమ్లం అయిపోతే ఎవరూ సంజాయిషీ అడగరు, సుద్దముక్క అరిగితే రికవరీ పెట్టరు. బోర్డు కూడా అంతే. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, టెండర్ అక్కర్లేదు, ఒక పేజీ కాగితం. ఈ లేఖలో ఇంకేదీ చేయలేకపోయినా ఇదొక్కటి చేయండి.

బ్రిటన్‌లో 2016లో బీబీసీ వాళ్లు మైక్రోబిట్ అనే బోర్డుని ఏడో ఇయర్ పిల్లలకి, అంటే పదకొండు పన్నెండేళ్లవాళ్లకి, దగ్గర దగ్గర పది లక్షల దాకా ఉచితంగా ఇచ్చారు. అందులో నాకు నచ్చింది ఉచితం కాదు. బోర్డు ఆ పిల్లదే, ఇంటికి పట్టుకుపోవచ్చు, పాడుచేసుకుంటే పాడుచేసుకోవచ్చు. మనం ఉచితంగా ఇవ్వాలని నేను అడగట్లేదు కూడా, ఉచితమైతే లబ్ధిదారుల జాబితా వస్తుంది, జాబితా వస్తే ఫొటో వస్తుంది, ఫొటో అయ్యాక మళ్లీ అల్మారానే. అమ్మండి. జేబు ఖర్చుతో కొనుక్కున్న వస్తువు మీద పిల్లలకి ఉండే హక్కు వేరు.

ఫోన్ మాట ఎందుకు ఎత్తానో చెప్తా. బోర్డు ధర తగ్గించినా సగం మందికి అది అందదు, ఎందుకంటే ప్రోగ్రాం రాయడానికి ల్యాప్‌టాప్ కావాలి. మునుగోడు, మర్రిగూడ వైపు పిల్లాడి ఇంట్లో ల్యాప్‌టాప్ ఎక్కడిది? నాన్న ఫోన్ ఉంటుంది, అదీ సాయంత్రం ఆయన పొలం నుంచి వచ్చాక. పికో లాంటి బోర్డులు బటన్ నొక్కి పెట్టి తగిలిస్తే కంప్యూటర్‌కి పెన్‌డ్రైవ్‌గా కనిపిస్తాయి, ఫైల్ కాపీ చేస్తే ప్రోగ్రాం ఎక్కిపోతుంది, డ్రైవర్ల గొడవ లేదు. మనం చేసే బోర్డు కూడా అలాగే ఉండి, ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఒక చిన్న యాప్‌లో రాసి కేబుల్ పెట్టగానే ఎక్కేటట్టుంటే చాలు. ఇప్పుడున్న చాలా నకలు బోర్డులకి సీహెచ్340 డ్రైవర్ (బోర్డు మీది యూఎస్‌బీ చిప్పుని కంప్యూటర్ గుర్తుపట్టేలా చేసే సాఫ్ట్‌వేర్) వేయాలి, కాలేజీ ల్యాబ్ కంప్యూటర్‌లో అడ్మిన్ పాస్‌వర్డ్ లేకపోతే అది ఎక్కదు, ఆ పాస్‌వర్డ్ తెలిసినాయన సెలవులో ఉంటాడు. నానో అనే చిన్న ఆర్డునో బోర్డు నకళ్లు కొన్నిటికైతే సాఫ్ట్‌వేర్‌లో పాత బూట్‌లోడర్ (ప్రోగ్రాంని లోపలికి తీసుకునే చిన్న కోడ్) అనే ఆప్షన్ పెట్టకపోతే ఎన్నిసార్లు అప్‌లోడ్ కొట్టినా ఎర్ర అక్షరాలే వస్తాయి. బోర్డు పోయిందనుకుని పక్కన పడేసినవాళ్లున్నారు, చెప్పేవాళ్లు లేక.

బోర్డు ఎలా ఉండాలో కూడా చెప్తా, రోజూ స్టార్టర్ల మధ్య ఉండేవాణ్ణి కాబట్టి. సాకెట్ సీ-టైప్ పెట్టండి, ఇంటింటికీ ఆ కేబులే ఉంది, కానీ ఖర్చు మిగుల్చుకోవడానికి చౌక బోర్డులవాళ్లు ఆ సాకెట్ పక్కన ఉండాల్సిన రెండు 5.1 కిలో ఓమ్ రెసిస్టర్లు మానేస్తారు, అప్పుడు రెండు వైపులా సీ-టైప్ ఉన్న కేబుల్‌తో బోర్డు వెలగనే వెలగదు. ఆ రెండు పైసల దగ్గర కక్కుర్తి పడొద్దు. ప్లస్ మైనస్ తారుమారైతే కాలిపోకుండా ఒక డయోడ్, షార్ట్ అయితే తెగి మళ్లీ చల్లారాక కలిసే ఫ్యూజ్ పెట్టండి. ఉనోలో 500 మిల్లీ ఆంపియర్ల ఫ్యూజ్ అలాంటిదే ఉంది, దాని వల్ల ఎన్ని కంప్యూటర్ల యూఎస్‌బీ పోర్టులు బతికాయో. పిన్ను పేర్లు రెండు వైపులా అచ్చు వేయండి, బ్రెడ్‌బోర్డులో (వైర్లు గుచ్చి సర్క్యూట్ కట్టుకునే రంధ్రాల పలక) గుచ్చాక కింద వైపు రాసినవి ఎవరికీ కనపడవు. వైఫై మొదట్లో వద్దు, రేడియో ఉన్న ప్రతి దానికీ వేరే అనుమతులు, ధర, గొడవ. పిల్లాడికి వైఫై కావాలనిపించేనాటికి వాడే వెతుక్కుని ఈఎస్‌పీ32 కొనుక్కుంటాడు.

ఇవి చేతికొస్తే నల్లగొండ పిల్లలు ఏం చేస్తారు, ఎల్ఈడీ మిణుకు మిణుకు అనిపించి ఆగిపోతారా? కొందరు ఆగుతారు. తప్పేం లేదు, క్రికెట్ బ్యాట్ కొన్నవాళ్లందరూ రంజీ ఆడరు. కానీ మా చుట్టూ ఉన్న పని చూడండి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది. దానికి ముందు కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటారు దానంతటదే నడవాలని రైతులందరూ ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. 24 గంటల కరెంటు రాగానే అవే ఆటో స్టార్టర్లు నీళ్లున్నా లేకున్నా తోడుతూనే ఉండడంతో ప్రభుత్వమే తీసెయ్యండని బతిమాలింది. ఆటో స్టార్టర్‌కి బుద్ధి లేదు సార్, కరెంటుందా లేదా అన్నదొక్కటే దానికి తెలుసు. బోరులో నీళ్లు అయిపోతే మోటారు తీసుకునే కరెంటు తగ్గుతుంది, ఆ తగ్గుదలని ఒక చిన్న కరెంట్ సెన్సర్‌తో పట్టుకుని మోటారు ఆపి, గంట ఆగి, నీళ్లు ఊరాక మళ్లీ వేయడం మైక్రోకంట్రోలర్‌కి పావు వంతు పని కూడా కాదు. ఒక ఫేజ్ పోతే ఆపడం, బత్తాయి తోటలో ఒక్కో గేటు వాల్వ్‌కి ఇన్ని నిమిషాలని డ్రిప్ మార్చడం, ఇవన్నీ కంపెనీలు చేసి వేలల్లో అమ్ముతున్నవే. చెడిపోతే విప్పి చూడడానికి వీల్లేకుండా లోపల జిగురు పోసి అమ్ముతారు, నా బల్ల మీద అలాంటివి బోలెడు పడున్నాయి, ఏ భాగం పోయిందో కూడా కనపడదు. అదే వస్తువుని ఊళ్లో పిల్లాడు చేస్తే చెడినప్పుడు బాగుచేసేవాడు కూడా వాడే. వడ్ల కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటిందని కుప్ప ఆపేస్తే రైతు ఏం చేస్తాడు, మళ్లీ ఆరబోసి, రేపటికి తగ్గిందో లేదో చేత్తో పట్టుకుని అంచనా వేస్తాడు. ఇంటి దగ్గరే ఉజ్జాయింపుగా చూసుకునే మీటర్ చేద్దామని మా దగ్గర ఇద్దరు పట్టుబట్టి కూర్చున్నారు, కొనుగోలు కేంద్రం మీటర్‌తో సరిపోదు, అయినా నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చూపిస్తే అదే పదివేలు.

ఇది కలగంటున్నట్టు అనిపిస్తే పాత నల్లగొండ జిల్లానే చూడండి. ఆలేరు మండలం శారాజీపేటకి చెందిన చింతకింది మల్లేశం గారు ఆరో తరగతితో చదువు ఆపేసిన మనిషి. పోచంపల్లి చీరకి ఆసు పోయాలంటే, అంటే నేయకముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పి సిద్ధం చేయాలంటే, ఒక్క చీరకి చెయ్యి 9,000 సార్లు కదలాలి, వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేక ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో లక్ష్మీ ఆసు యంత్రం పూర్తిచేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. యంత్రం చేశాక ఆయన ఆగలేదు, ఎలక్ట్రానిక్స్ పుస్తకాలు తెచ్చుకుని చదివి దానికి మైక్రోకంట్రోలర్ కూడా పెట్టారు. ఆయన కథ అందరూ పట్టుదల గురించి చెప్తారు. నాకు మాత్రం ప్రతిసారీ ఇంకోటి అనిపిస్తుంది. అన్ని ఏళ్లు ఎందుకు పట్టాలి? డబ్బుల్లేక, విడిభాగాలు దొరక్క, చెప్పేవాళ్లు లేక పోయిన కాలం ఎంత? పట్టుదల ఉన్నవాళ్లు మా ఊళ్లలో ఇప్పుడూ ఉన్నారు, వాళ్ల ఏళ్లు మిగల్చగలిగితే మిగల్చండి.

పన్ను గురించి. అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి నోటు పుస్తకాలు, పెన్సిళ్లు, రబ్బర్లు, మ్యాపుల మీద కూడా తీసేశారు. బోర్డు మీద మాత్రం 18 శాతం. 150 రూపాయల బోర్డులో పన్నే ఇరవై మూడు రూపాయల దాకా పోతుంది. జీఎస్టీ కౌన్సిల్‌లో మన రాష్ట్రానికి కుర్చీ ఉంది, అక్కడ మన మంత్రి గారు లేచి, చదువుకోవడానికి వాడే ఫలానా ధర లోపు బోర్డుల్ని నోటు పుస్తకాల పక్కన పెట్టండని అడగొచ్చు. ఇస్తారో లేదో తర్వాత, అడిగితే మినిట్స్‌లో అయినా ఎక్కుతుంది కదా.

స్వదేశీ చిప్పుల మాట కూడా ఎత్తాలి, లేకపోతే చైనా చిప్పు పేరు చెప్పాడని నన్ను తిడతారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్లు వేగ ప్రాసెసర్ చేశారు, దాంతో తేజస్32 చిప్పు, దాని మీద ఏరీస్ బోర్డులు వచ్చాయి, 100 మెగాహెర్ట్జ్, 256 కిలోబైట్ల ర్యామ్, ఆర్డునో సాఫ్ట్‌వేర్‌తోనే ప్రోగ్రాం చేసుకోవచ్చు. మద్రాస్ ఐఐటీ వాళ్ల శక్తి ప్రాసెసర్ ఉంది. ఇలాంటి స్వదేశీ రిస్క్-ఫైవ్ చిప్పుల కోసం కేంద్రం 2022లో డిర్-వి అని కార్యక్రమమే పెట్టింది. గర్వంగానే ఉంది, కానీ మా క్లాక్ టవర్ దగ్గర షాపుల్లో ఒక్క ఏరీస్ బోర్డు నాకు ఇంతవరకు కనపడలేదు. చిప్పు మనదైనప్పుడు దాన్ని ముందు వాడాల్సింది పోరగాళ్లు, ప్రదర్శనల్లో అద్దాల పెట్టెలు కాదు. 150కి రాకపోతే మొదటి రెండేళ్లు ఆ తేడా ప్రభుత్వం భరించొచ్చు, వేల కోట్ల సెమీకండక్టర్ మిషన్‌లో ఇది చిల్లర.

చేసేదెవరు అంటే, రాయదుర్గంలో 2023 మార్చిలో తెరిచిన టీ-వర్క్స్ మీ చేతుల్లోనే ఉంది, 78 వేల చదరపు అడుగులు, సర్క్యూట్ బోర్డులు చేసుకునే ఏర్పాటుతో సహా. నమూనా అక్కడ తయారుచేయించి, డిజైన్ మొత్తం ఆర్డునో వాళ్లలాగే బయటపెట్టండి, నచ్చిన కంపెనీ ఎవరైనా చేసి అమ్ముకుంటారు. జిల్లాలకి చేర్చడానికి నల్లగొండలో, మహబూబ్‌నగర్ దివిటిపల్లిలో 2023లోనే తెరిచిన ఐటీ టవర్లున్నాయి, ఒక్కోదాని కింద ఒక్క కౌంటర్ పెట్టినా మొదటి ఏడాదికి సరిపోతుంది, తర్వాత షాపులవాళ్లే అడుగుతారు, అమ్ముడుపోయే సరుకు అని తెలిస్తే వాళ్లకి చెప్పాల్సిన పని లేదు. పుస్తకం మాత్రం ఇంగ్లీషు పుస్తకాన్ని పట్టుకొచ్చి అనువాదం చేసేసి ఇవ్వకండి. మన స్టార్టరు, మన డ్రిప్పు, మన ట్యాంకు ఉదాహరణలుగా, పనిచెయ్యకపోతే ముందు ఏం చూడాలి అనే అధ్యాయం అన్నిటికంటే పెద్దదిగా, ఫోన్‌లో చదువుకునేట్టు రాయించండి. పాఠాలు చెప్పడానికి రాష్ట్ర ప్రభుత్వ విద్యా ఛానల్ టీ-సాట్ నిపుణ ఎలాగూ ఉంది.

నమూనా తయారైతే ఒక డజను మా షాపుకి పంపండి, ఊరికే వద్దు, డబ్బులిచ్చే తీసుకుంటాం. మోటారుకి కరెంటు కలిపే 415 వోల్టుల కాంటాక్టర్ పక్కనే బోర్డు పెట్టి, మోటారు వేస్తూ ఆపుతూ ఉంటాం, ఆ కుదుపుకి బోర్డు రీసెట్ అవుతోందా, ప్రోగ్రాం మర్చిపోతోందా, ఎండాకాలం రేకుల షెడ్డులో మధ్యాహ్నం నిలబడుతోందా అన్నీ రాసి పంపిస్తాం. కాలినవి కూడా విప్పి, ఏ భాగం ఎందుకు పోయిందో రాసి వెనక్కి పంపుతాం.

ఇట్లు,
ఒక స్టార్టర్ మెకానిక్,
నల్లగొండ

తా.క. బోర్డుతో పాటు డబ్బాలో కేబుల్ పెట్టాలనుకుంటే డేటా వైర్లు ఉన్నదే పెట్టండి. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్ తగిలించి బోర్డు కంప్యూటర్‌కి కనపడట్లేదని నా దగ్గరికి వచ్చేవాళ్లే ఎక్కువ.